గిన్నె చల్లారే లోపు

ప్రశ్న: అక్కా, నమస్తే. హనుమకొండలో ఉంటాను, బ్యాంకులో ఉద్యోగం. 2020 లాక్‌డౌన్‌లో మా అమ్మ వంటల మీద, మా ఊరి ముచ్చట్ల మీద బ్లాగు మొదలుపెట్టిన. రెండేళ్లు వారానికొకటి రాసిన. సకినాల మీద రాసిన పోస్టు 2023 సంక్రాంతికి వాట్సాపుల్లో బాగా తిరిగింది, మా మేనేజరు కూడా చదివిండు. అప్పటినుంచి తగ్గుతూ తగ్గుతూ వచ్చి, ఇప్పటికి ఎనిమిది నెలలైంది ఒక్క ముక్క రాయక. పిల్లలు పడుకున్నంక ల్యాప్‌టాప్ ముందు కూర్చుంట, రెండు లైన్లు కొడత, తుడిచేస్త. రైటింగ్ జర్నల్ పెట్టుకో, పొద్దున్నే మూడు పేజీలు రాయి అంటున్నరు అందరూ. జనవరిలో మంచి డైరీ కొని తొమ్మిది రోజులు రాసి ఆపేసిన. ఈ జర్నల్‌తో నిజంగా ఏమన్నా అయితదా, లేకపోతే ఇది కూడా ఇంకో పనేనా? అందులో ఏం రాయాలె? మా అత్తమ్మ చదివితే ఎట్ల? తప్పులుంటే ఏమనుకోకు అక్కా, ఇయ్యాల సర్వపిండి చేస్తున్న, ఒకటి దింపి గిన్నె చల్లారే లోపు ఇంత రాస్తున్న, మళ్ల ఇంకోటి పెట్టి ఇంకింత.

జవాబు: అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తాను.

ముందు నీ ఉత్తరం పొడుగు సంగతి మాట్లాడుకుందాం. పైన నేను కత్తిరించి వేశాను గానీ నువ్వు పంపింది అయిదు పేజీలు. మధ్యలో మీ అమ్మ మోకాళ్ళ నొప్పులు, బ్యాంకులో పాస్‌బుక్కు ప్రింటు కోసం రోజూ వచ్చే పెద్దాయన, చిన్నోడు సర్వపిండి చిల్లుల్లోంచి నీ వైపు చూడటం, అన్నీ ఉన్నాయి. ఎక్కడా ఆగలేదు. ఎనిమిది నెలలుగా ఒక్క ముక్క రాయలేకపోతున్నానని చెప్పడానికి అయిదు పేజీలు రాసిన మనిషివి నువ్వు. నవ్వుకో, నేనూ నవ్వుకున్నాను.

ఉత్తరం చివర ఆ వారం నువ్వు కొట్టి తుడిచేసిన లైన్లు కూడా అతికించావు. అది ఇంకా మంచి పని. ఇవీ అవి: "తెలంగాణ వంటకాల్లో సర్వపిండికి ఒక ప్రత్యేకమైన స్థానం ఉంది. బియ్యప్పిండి, నువ్వులు, వేయించిన పల్లీలతో చేసే ఈ వంటకం ఎంతో రుచికరమైనది, ఆరోగ్యకరమైనది కూడా." తుడిచేశానని బాధపడుతున్నావు గానీ, నేనైనా తుడిచేసేదాన్నే. ఆ రెండు లైన్లు టీవీలో వంటల ప్రోగ్రాం యాంకరమ్మ ఎవరైనా చెప్పేయగలదు, సర్వపిండి జన్మలో తినకపోయినా సరే. అదే ఉత్తరంలోకి వచ్చేసరికి "ఒకటి దింపి గిన్నె చల్లారే లోపు ఇంత రాస్తున్న" అన్నావు. తెలియని వాళ్ళ కోసం చెబుతాను: సర్వపిండి అంటే బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, నువ్వులు, పల్లీలు, కారం, కరివేపాకు కలిపి గుండ్రటి గిన్నె లోపలి గోడకి చేత్తో ఒత్తుతారు, వేలితో చిల్లులు పెట్టి వాటిలో నూనె చుక్కలు వేసి, మూతపెట్టి సన్నటి మంట మీద కాలుస్తారు. ఒకటి దింపాక ఆ గిన్నె కాలిపోతూ ఉంటుంది, మళ్ళీ చేత్తో పిండి ఒత్తాలంటే చల్లారాలి, లేదా కుళాయి కింద పెట్టి చుయ్‌మనిపించాలి. ఆ మధ్యలో ఉండే నాలుగైదు నిమిషాల ఖాళీ ఉంది చూడు, అందులో నువ్వు రాశావు. "ప్రత్యేకమైన స్థానం" అనే మాటలో ఆ గిన్నె లేదు, ఆ వేడి లేదు, నువ్వు లేవు.

రెండూ రాసింది నువ్వే, అదీ ఒకే వారంలో. మరి తేడా ఎక్కడుంది? ఉత్తరం నాకొక్కదానికే రాశావు, నేను దాన్ని ఎవరికీ ఫార్వర్డ్ చేయనని తెలుసు. ఆ రెండు లైన్లు మాత్రం సకినాల పోస్టు చదివిన జనం మొత్తానికి రాశావు, ముందు వరసలో మీ మేనేజరుని కూర్చోబెట్టుకుని మరీ. నీ ఉత్తరంలో నువ్వే తారీఖు వేసి చెప్పావు, 2023 సంక్రాంతి తర్వాతే తగ్గిందని. ఒక పోస్టు బాగా తిరిగాక తర్వాతది రాయడం ఎంత కష్టమో నాకు తెలుసు. మొదటిది ఎలా కుదిరిందో మనకే తెలియదు, రెండోది దానిలాగే కుదరాలని కూర్చుంటాం.

దీన్ని రైటర్స్ బ్లాక్ అంటున్నారు. ఎడ్మండ్ బెర్గ్లర్ అనే మానసిక విశ్లేషకుడు 1940లలో న్యూయార్క్‌లో ప్రచారంలోకి తెచ్చిన మాట అది, ఆయన దాని మూలాలు పసితనంలో వెతికాడు. మనకి అంత దూరం అక్కర్లేదు. మనవాళ్ళు దీనికి "కలం సాగడం లేదు" అంటారు, నాకు అదే నచ్చుతుంది, ఎందుకంటే సాగనిది పిండి కావచ్చు, దారం కావచ్చు, ఎద్దులబండి కావచ్చు, ఏదైనా సరే ఎందుకు సాగట్లేదో కిందకి వంగి చూస్తే కనబడుతుంది.

నాకు కనబడింది చెబుతాను. మా నాన్నకి తెనాలిలో చిన్న కిరాణా కొట్టు ఉండేది. గల్లాపెట్టె పక్కన రెండు పుస్తకాలు. ఒకటి చిట్టా. పొద్దుట కొట్టు తీసినప్పటినుంచి ఏ సరుకు ఎవరు పట్టుకెళ్ళినా, ఎవరు ఎంత ఇచ్చినా అక్కడికక్కడ అందులో గిలికేసేవాడు, ఏ పెన్ను దొరికితే ఆ పెన్నుతో, ఒక్కోసారి పెన్సిల్‌తో. నూనె మరకలు, బెల్లం జిగురు, కొట్టివేతలు, "పంతులుగారు కందిపప్పు రెండు కేజీలు, శుక్రవారం ఇస్తారట" అని పక్కన చిన్న గమనిక. రెండోది ఆవర్జా. రాత్రి తలుపుచెక్కలు వేసేశాక, అన్నం తిని చేతులు తుడుచుకుని, చిట్టా చూసుకుంటూ ఒక్కో ఖాతాదారు పేజీలోకి ఒక్కో పద్దు ఎక్కించేవాడు, ముత్యాల్లాంటి అక్షరాలతో. ఒకసారి నేను ఆయన లేనప్పుడు కొట్లో కూర్చుని, పెద్దదాన్నయిపోయానని ఒక బేరాన్ని సరాసరి ఆవర్జాలో రాసేశాను. అంకె తప్పు పడింది, దిద్దాను. సాయంత్రం ఆ దిద్దుబాటు చూసి నాన్న అరవలేదు గానీ తలపట్టుకున్నాడు. ఖాతాదారు చూసే పుస్తకం కదా, అందులో కొట్టివేత ఉంటే వాడికి అనుమానం. చిట్టాలో అయితే ఎన్ని కొట్టివేతలున్నా అడిగేవాడు లేడు.

నీ బ్లాగు ఆవర్జా. నీకు చిట్టా లేదు. రోజంతా బేరం సాగుతోంది, నువ్వు ఏదీ ఎక్కడా రాసుకోవట్లేదు, రాత్రి పదింటికి పిల్లలు పడుకున్నాక తెల్లటి ఆవర్జా తెరిచి సరాసరి ముత్యాల్లాంటి అక్షరాలతో మొదలుపెడుతున్నావు. మరి మొదటి రెండేళ్లు ఎలా రాశానంటావా? అప్పుడు నీ దగ్గర ముప్పై ఏళ్ల పాత సరుకు ఉంది. లాక్‌డౌన్, ఇంట్లోనే అమ్మ, ఆమె చెప్పే కబుర్లు, అటక మీదినుంచి దింపినట్టు దింపి అమ్మేశావు. వారానికొకటి చొప్పున రెండేళ్లంటే వంద పోస్టులు, తక్కువా? గోదాం ఖాళీ అయింది, కొత్త సరుకు దించలేదు, అంతే జరిగింది. ఇందులో నీ ప్రతిభకి వచ్చిన ముప్పేమీ లేదు.

"ఇది కూడా ఇంకో పనేనా" అని అడిగావు. జనవరి డైరీ లాంటిదైతే ఖచ్చితంగా ఇంకో పనే, దాన్ని బీరువాలోనే ఉంచు. తారీఖులు అచ్చు వేసిన డైరీతో వచ్చే చిక్కేమిటంటే, రాయని రోజు పేజీ ఖాళీగా కనబడుతుంది. పదో తారీఖు ఖాళీ, పదకొండు ఖాళీ, పన్నెండున తెరిస్తే ఆ రెండు పేజీలు మొహం మీద అంటాయి, ఏమ్మా అప్పుడే అయిపోయిందా అని. పైగా ఖరీదైన కాగితం మీద చెత్త రాయబుద్ధి కాదు. డైరీ అనగానే మన చెయ్యి అలవాటుగా "ఈ రోజు ఉదయం" అని మొదలుపెడుతుంది, పొద్దున లేచింది, ఆఫీసుకెళ్ళింది, వచ్చింది రాసుకుంటూ పోతే తొమ్మిదో రోజుకి ఎవరికైనా విసుగొస్తుంది.

పిల్లల పాత నోటుబుక్కుల్లో వెనక పేజీలు మిగిలి ఉంటాయి చూడు, అది తీసుకో. లెక్కల పుస్తకమైతే మరీ మంచిది, ముందు సగం కూడికలూ తీసివేతలూ ఉన్న పుస్తకంలో ఎవరూ సాహిత్యం రాయాలనుకోరు. దాన్ని వంటింట్లో పెట్టు, ఫ్రిజ్ మీదో, ఉప్పు డబ్బా పక్కనో. పెన్నుకి దారం కట్టు. మీ బ్యాంకులో కౌంటరు దగ్గర కడతారే, అలా. (మీ బ్యాంకులో ఆ పెన్ను రాయదని నాకు తెలుసు, రాసే పెన్ను కట్టు.) పేజీ నిండాలని లేదు, రోజూ రాయాలని కూడా లేదు. ఒకసారికి నాలుగు లైన్లు దాటొద్దు, ఇది మాత్రం నిజంగానే చెబుతున్నాను. దాటితే మళ్ళీ అక్కడే పోస్టు రాయడం మొదలవుతుంది.

ఏం రాయాలంటే, చూసింది, విన్నది, ముక్కుకి తగిలింది, ఎవరో అన్న మాట అన్నది అన్నట్టు. "జీవితంలో మార్పు సహజం" లాంటివి రాయకు, అవి ఎప్పుడైనా దొరుకుతాయి. కరివేపాకు అమ్మే ఆవిడ ఏమందో రేపటికి మర్చిపోతావు. నా పుస్తకంలో ఒక పేజీ ఉన్నదున్నట్టు చూపిస్తాను:

"ఇస్త్రీ బండాయన బొగ్గులు మానేశాడు. గ్యాసు పెట్టె. బండి కింద చిన్న సిలిండరు.
బస్సులో ఇద్దరు కాలేజీ పిల్లలు. నీకు కోపమొస్తే ఏ భాషలో తిడతావే? హిందీలో, మా అమ్మకి రాదు.
కరివేపాకు పది రూపాయలకి ఇవ్వనంది. మొన్నటిదాకా కొసరు.
ఏమీ లేదు. కాళ్ళు నొప్పి."

నాలుగు వేర్వేరు రోజులవి. తారీఖులు కూడా వేయలేదు. చూస్తే ఏముంది ఇందులో అనిపిస్తుంది, నిజమే, ఏమీ లేదు. ఆ ఇస్త్రీ బండాయన మూడు వారాల తర్వాత మళ్ళీ పుస్తకంలోకి వచ్చాడు. పాత ఇత్తడి పెట్టెని తూకానికి అమ్మలేదు, మడత పెట్టిన దుప్పట్లు గాలికి ఎగరకుండా వాటి మీద బరువుగా పెట్టుకున్నాడు, ఆ సంగతి ఒక లైను. ఇంకో నెలకి చలికాలం. ఈసారి ఆయన తనే అన్నాడు, బొగ్గులున్నప్పుడు పొద్దున్నే మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్, పాలబ్బాయి, పేపరు కుర్రాడు వచ్చి బండి చుట్టూ నిలబడి చేతులు కాచుకునేవాళ్ళు, ఇప్పుడు ఎవరూ ఆగట్లేదమ్మా అని. అది రాసుకుంటుంటే చెయ్యి నాలుగు లైన్ల దగ్గర ఆగలేదు. ఆగనప్పుడు అప్పుడు వదిలేయాలి. ఆ రాత్రే పోస్టు అయింది, పెద్దగా కష్టపడింది లేదు, అప్పటికే మూడొంతులు పుస్తకంలో ఉంది. మొదటి రోజునే "ఇస్త్రీ బండ్లు, మారుతున్న కాలం" అని రాయడానికి కూర్చుని ఉంటే గ్యాసు ధర గురించి రెండు లైన్లు రాసి తుడిచేసేదాన్ని. అప్పటికి చలి ఇంకా రాలేదు కదా.

అందుకని నేను పెట్టుకున్న కొలత ఒకటే. ఏ సంగతైనా పుస్తకంలోకి మూడోసారి తనంతట తను వస్తే అది ఆవర్జాకి ఎక్కించాల్సిన పద్దు. ఒక్కసారే వచ్చినవి అక్కడే పడుంటాయి, ఉండనీ. చిట్టాలో ఉన్నదంతా ఆవర్జాకి ఎక్కదు, చిల్లర బేరాలు చాలా అక్కడే కొట్టేస్తారు.

పొద్దున్నే మూడు పేజీలు అంటున్నారన్నావు. ఆ పద్ధతి ఒక అమెరికన్ రచయిత్రి 1992లో వేసిన పుస్తకంతో ప్రపంచమంతా పాకింది. నిద్ర లేవగానే, చేత్తోనే, ఏది తోస్తే అది, మూడు పేజీలు నిండేదాకా. దానివల్ల మేలు జరిగినవాళ్ళు చాలామంది ఉన్నారు, కాదనను. పొద్దున ఆరింటికి చెయ్యి ఖాళీగా ఉండే వాళ్ళకి అది బాగుంటుంది. ఆరింటికి రెండు టిఫిన్ బాక్సులు, అత్తగారి కాఫీ, నీళ్ళు వచ్చే టైం, స్కూలు ఆటో ఉన్న మనిషికి మూడు పేజీలంటే అరగంట ముందు అలారం పెట్టుకోవడం, నీ నిద్రలోంచి కోసుకోవడం. ఆ అరగంట పడుకో. గిన్నె చల్లారే టైం నీకు రోజుకి నాలుగైదు సార్లు వస్తుంది, కుక్కరు విజిల్స్ లెక్కపెట్టే టైం, దోశ రెండో వైపు కాలే టైం, మీ బ్యాంకులో సర్వర్ డౌన్ అయి అందరూ గోడ వైపు చూసే టైం. నీ పుస్తకం ఆ సందుల్లో బతకాలి.

ఇంకో రకం కూడా ఉంది, మనసులో బరువు దించుకోవడానికి రాసేది. పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1986లో విద్యార్థులతో నాలుగు రోజులపాటు రోజుకి 15 నిమిషాలు తమని బాగా కలచివేసిన విషయాలు రాయించి చూశాడు, ఆ తర్వాత నెలల్లో వాళ్ళు కాలేజీ డాక్టరు దగ్గరికి వెళ్ళడం తగ్గిందని తేలింది. మంచిదే, అవసరమైనప్పుడు చేయి. కానీ దాన్నీ దీన్నీ ఒకే పుస్తకంలో కలపకు. అత్తమ్మ మీద కోపమూ ఇస్త్రీ బండీ పక్కపక్కన ఉంటే ఆదివారం పుస్తకం తెరిచినప్పుడు కోపమే ముందు కనబడుతుంది, బండి కనబడదు.

అత్తమ్మ సంగతి వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తా. వంటింట్లో లెక్కల పుస్తకం వెనక పేజీల్లో కరివేపాకు ధర రాసుంటే ఎవరూ దాచుకుని చదవరు. నిజం చెప్పాలంటే ఆవిడ చదివితేనే మంచిది. కొసరు గురించి నీకు తెలియని ముచ్చట నాలుగు చెబుతుంది, నీ గోదాంలోకి కొత్త సరుకు ఉచితంగా దిగుతుంది. దాచాల్సింది ఏదైనా ఉంటే విడి కాగితం మీద రాసి, చింపి పారేయి. ఇంట్లో వాళ్ళు అన్న మాటలు బ్లాగులోకి ఎక్కించే ముందు మాత్రం ఒకసారి వాళ్ళని అడుగు. నేను ఒకసారి అడగకుండా మా వదిన మాట ఒకటి వేసేశాను, ఏడాదిపాటు మా ఇంటికి రాలేదు.

ఇక భాష. నీ ఉత్తరంలో పల్లీలు "గోలిచ్చి" అని ఉంది, తుడిచేసిన డ్రాఫ్టులో "వేయించిన" అని ఉంది. ఎందుకు మార్చావు? సగం ఆ మేనేజరు భయం, సగం కీబోర్డు పని. మనలో చాలామందిమి తెలుగుని ఇంగ్లీషు అక్షరాలు నొక్కి రాస్తాం. నేను బ్లాగు మొదలుపెట్టిన రోజుల్లో లేఖిని అనే సైటు తెరిచి ఒక పెట్టెలో ఇంగ్లీషు అక్షరాలు కొడితే కింద పెట్టెలో తెలుగు వచ్చేది, దాన్ని కాపీ చేసి తెచ్చుకునేవాళ్ళం, అక్షరం అక్షరానికీ మనమే బాధ్యులం. ఇప్పటి ఫోన్ కీబోర్డులు రెండక్షరాలు కొట్టగానే మూడు మాటలు చేతికిస్తున్నాయి, ఆ మూడూ నలుగురూ వాడే మాటలే. గంజు (మీ వైపు గిన్నెని అలాగే అంటారు కదా) కొడదామనుకుంటే గంజి ఇస్తుంది, మనం సర్లే అనుకుని వాక్యమే మార్చేస్తాం. అలా నెలల తరబడి జరిగితే నీ మాటలు నీకే దూరమవుతాయి, రాసింది చదువుకుంటే ఎవరో రాసినట్టు ఉంటుంది, తుడిచేస్తావు. ఇది చిన్న విషయం అనుకోకు, నా అనుమానం నీ ఎనిమిది నెలల్లో దీని వాటా బాగానే ఉంది. చేత్తో రాసే పుస్తకంలో ఎవరూ మాట అందించరు. గోలిచ్చి అని రాయి, మళ్ల అని రాయి, కోపమొస్తే ఇంగ్లీషులో రాయి. గురజాడ అప్పారావు అంతటివాడు డైరీలు ఇంగ్లీషులో రాసుకున్నాడు. వాడుక తెలుగు కోసం అంత పోరాడినాయన తన కోసం తను రాసుకునేటప్పుడు ఏది తోస్తే అదే.

ఫోన్‌లో రాసుకోవచ్చా అని అడుగుతావు, నాకు తెలుసు. బయట ఉన్నప్పుడు తప్పదు. గూగుల్ కీబోర్డులో 2017 నుంచి తెలుగులో మాట్లాడితే టైపు అవుతోంది, బస్టాప్‌లో నిలబడి నాలుగు మాటలు చెప్పి నీకు నువ్వే వాట్సాప్ చేసుకో, ఇంటికొచ్చి పుస్తకంలో ఎక్కించు. కానీ మొత్తం పుస్తకాన్నే ఫోన్‌లో పెట్టకు. నోట్సు తెరుద్దామని ఫోన్ తీస్తావు, గ్రూపులో ఎవరో గుడ్ మార్నింగ్ గులాబీ పంపి ఉంటారు, గిన్నె చల్లారిపోతుంది.

ఇప్పటిదాకా పుస్తకం గొప్పలు చెప్పాను. నాకు దానితో జరిగిన నష్టం కూడా చెప్పాలి. 2013 జులైలో, మనం చదివే బ్లాగుల్లో కొత్త టపాలన్నీ ఒకేచోట చూపించే గూగుల్ రీడర్ మూసేశారు, జనం అప్పటికే ఫేస్‌బుక్ వైపు వెళ్ళిపోతున్నారు, తెలుగు బ్లాగులన్నీ ఒకచోట కనబడే కూడలి సైటులో పొద్దున్నే కొత్త టపాలు చూసుకునే అలవాటు పోయింది, కామెంట్లు పెట్టే నలుగురూ మాయమయ్యారు. నాకు పట్టుకుంది నీలాంటిదే. అప్పుడే ఈ పుస్తకం మొదలుపెట్టాను, ఎంత బాగా సాగిందంటే ఏడు నెలల్లో రెండు పుస్తకాలు నింపాను, బ్లాగులో ఒక్క పోస్టు లేదు. పుస్తకంలో రాసేస్తే రాసేసినట్టే ఉంటుంది, కడుపు నిండినట్టు. చిట్టా రాస్తూ ఆవర్జా మర్చిపోయిన కొట్టు మూడో నెలలో మూతపడుతుంది, బాకీలు ఎవరు వసూలు చేస్తారు? నాన్న ఉండుంటే ఆ మాట అని ఉండేవాడు.

ఆ తర్వాత ఆదివారం పెట్టుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇరవై నిమిషాలు, పుస్తకం మొదటి నుంచి తిరగేయడం, మూడుసార్లు వచ్చినది ఏదైనా ఉందా చూడటం. ఉంటే దాని కింద గీత గీసి, కొత్త కాగితం పైన ఒక మనిషి పేరు రాస్తాను. ఈ పోస్టు ఎవరికి చెబుతున్నానో ఆ మనిషి. ఇస్త్రీ బండి మా పెద్దమ్మకి రాశాను, ఆవిడ ఇంట్లో బొగ్గుల ఇస్త్రీపెట్టె ఉండేది. నువ్వు నాకు ఉత్తరం రాసినట్టే, ఒక్కరికి. ముందు వరసలోంచి మీ మేనేజరుని లేపేయడానికి నాకు తెలిసిన దారి ఇదొక్కటే. పోస్టు అయ్యాక ఆ పేరు తీసేస్తాను, కొన్నిసార్లు తీయను.

మధ్యలో ఆపాల్సి వస్తే, పిల్లాడు లేస్తే, తర్వాతి వాక్యం ఏమిటో తెలిసినప్పుడే ఆపు, ఆ వాక్యంలో రెండు మాటలు పుస్తకంలో గిలికి లే. అమెరికన్ రచయిత హెమింగ్వే 1958లో అచ్చయిన ఒక ఇంటర్వ్యూలో ఇలాంటిదే చెప్పాడు, ఇంకా సత్తువ ఉండగానే, తర్వాత ఏం జరగబోతోందో తెలిసిన చోట ఆపేసి లేస్తానని. మనవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు, రేపటి పెరుగు కోసం ఇవాళ్టి గిన్నెలో చెంచాడు తోడు మిగుల్చుకోమూ?

పెద్ద రచయితలకి ఈ బాధలుండవనుకోకు. అమెరికన్ నవలాకారుడు స్టయిన్‌బెక్ 1938లో తన పెద్ద నవల రాస్తున్న అయిదు నెలలూ పక్కన ఒక పని డైరీ పెట్టుకున్నాడు. తీసి చదివితే సగం ఏడుపే, ఇవాళ బద్ధకించాను, పక్కన ఇల్లు కడుతున్నారు సుత్తి చప్పుళ్ళు, చుట్టాలొచ్చారు, ఇది నా వల్ల కాదేమో. ఆ ఏడుపంతా ఆ పుస్తకంలో రాసుకుని, అయ్యాక నవల తీసి ఆ రోజు పని ఆ రోజు చేసుకున్నాడు. నా పేజీలో "ఏమీ లేదు, కాళ్ళు నొప్పి" అన్న లైను ఉంది చూశావుగా, దానికి నేను సిగ్గుపడకపోవడం ఆయన వల్లే.

ఒక మాట మాత్రం అడగాలి. ఎనిమిది నెలలంటే మధ్యలో మార్చి ఉంది, బ్యాంకుల్లో మార్చి అంటే ఏమిటో నాకు తెలియనిది కాదు, మా ఆడపడుచు బ్యాంకులోనే చేసి రిటైరయింది. ఉత్తరంలో రెండు చోట్ల "నిద్ర పట్టట్లే" అన్నావు. రాయాలని లేకపోవడం వేరు, దేని మీదా మనసు లేకపోవడం వేరు. వండాలని, తినాలని, పిల్లలతో మాట్లాడాలని కూడా అనిపించని రోజులు వారాల తరబడి ఉంటే నోటుబుక్కు సంగతి పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళు. సర్వపిండి చేస్తూ అయిదు పేజీలు రాశావు కాబట్టి అంత దూరం లేదనుకుంటున్నాను, అయినా అడగడం నా బాధ్యత.

సకినాల పోస్టు నేను కూడా చదివాను, ఎవరో మా గ్రూపులో పంపితే. అది నువ్వే రాశావని నీ ఉత్తరం చదివేదాకా తెలియదు. అందులో నాకు గుర్తున్నది సకినాల చరిత్ర కాదు, మీ అమ్మ చుట్టు చుట్టేటప్పుడు మాట్లాడకూడదని, ఎవరైనా పలకరిస్తే గడ్డంతో జవాబు చెప్పేదని రాశావు, అది. ఆ లైను ఎప్పుడో ఎక్కడో నువ్వు చూసి మనసులో గిలికి పెట్టుకున్నదే.

నీ ఉత్తరంలో ఒక చోట మీ అమ్మ కూడా ఇలాగే ఒకే గిన్నెతో చేసేదని, నలుగురు పిల్లలూ వరసగా కూర్చుని ఎవరి వంతు కోసం వాళ్ళు చూసేవాళ్ళమని ఉంది. ఇప్పుడు నువ్వూ ఒకే గిన్నెతో చేస్తున్నావు. బ్యాంకు ఉద్యోగం, రెండో గిన్నె కొనుక్కోలేవా? రెండు గిన్నెలుంటే ఒకటి చల్లారే లోపు ఇంకోటి కాలుతుంది, గంట పని అరగంటలో అవుతుంది, ఇది మీ అమ్మకీ తెలుసు, నీకూ తెలుసు. మరి ఎందుకు కొనలేదు? అమ్మకి ఫోన్ చేసి అడుగు. ఆవిడ ఏమంటే అది, ఆవిడ మాటల్లోనే, లెక్కల పుస్తకం వెనక పేజీలో రాసిపెట్టు.